రెస్టా, సోపా అని అడిగిన తమ్ముడికి



పోయిన ఆదివారం కోదాడ బస్టాండు దగ్గర టీ కొట్టులో నలుగురు పిల్లలు నన్ను కూర్చోబెట్టి రెండు గంటలు వదల్లేదు. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు, ఇంజనీరింగ్ ఆఖరు సంవత్సరం. ముగ్గురు ఎస్సీ హాస్టల్లో ఉండి చదివినవాళ్లు. నాలుగో అమ్మాయి మిర్యాలగూడ వైపు నుంచి రోజూ బస్సులో వస్తుంది. వాళ్ల ప్రాజెక్టు ఏమిటంటే, మన పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎక్కడ ఆగింది, ఏ కాగితం తక్కువైంది, ఎవరిని కలవాలి అనేది ఒక్కచోట కనిపించే వెబ్ సర్వీస్. మార్కుల కోసం మొదలుపెట్టారు. సగం దారిలో, ఇది నిజంగానే నడపొచ్చు కదా అన్న ఆశ పుట్టింది.

నేను హైదరాబాద్‌లో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి వచ్చినవాణ్ని కాబట్టి తీర్పు చెప్పమని వాళ్ల కోరిక. తగాదా ఏమిటంటే పద్ధతి దగ్గర. ఒకడు రెస్ట్ అంటాడు. ఇంకొకడికి బ్యాంకు ప్రాజెక్టులో పనిచేసే సీనియర్ ఉన్నాడు, ఆయన మాట మీద సోప్ అంటాడు. హాస్టల్ అమ్మాయి, "అవన్నీ ఎందుకన్నా, మనోళ్ల ఫోన్లల్ల ఉండేది వాట్సాప్ ఒక్కటే, దాంట్ల బాట్ పెడదాం" అంటుంది. మిర్యాలగూడ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. టీ చల్లారిపోయాక అడిగింది: "అన్నా, పేరు తప్పు పడితే ఎవరు దిద్దాలె? ఎట్ల దిద్దాలె? అది ఏ పద్ధతిల ఉంది?"

ఆ ప్రశ్న కోసమే ఈ వారం భాగం రాస్తున్నాను. ఎస్సీ వర్గీకరణ మీద రాస్తానని చెప్పిన భాగం వచ్చే వారానికి పోయింది, మన్నించండి.

మొదట తమ్ముళ్ల తగాదా తీర్చేస్తాను, అది పెద్ద పని కాదు. సోప్ అంటే రిజిస్టర్డ్ పోస్టు లాంటిది. ప్రతి మాటనూ ఎక్స్‌ఎంఎల్ కవరులో పెట్టి, కవరు మీద ఏం రాయాలో, లోపల ఏముండాలో, ఎవరు సంతకం పెట్టాలో ముందే ఒప్పందం రాసుకుని పంపే పద్ధతి. రెండు పెద్ద సంస్థలు ఒకరినొకరు నమ్మకుండానే పని చేసుకోవాలంటే పనికొస్తుంది, అందుకే బ్యాంకుల్లో ఇంకా బతికుంది. రెస్ట్ అనే పేరు 2000లో రాయ్ ఫీల్డింగ్ తన పరిశోధనా గ్రంథంలో పెట్టాడు. వెబ్ అప్పటికే ఎలా పనిచేస్తున్నదో దానికే ఆయన ఒక క్రమం చెప్పాడు. ప్రతి వస్తువుకూ ఒక చిరునామా, ఆ చిరునామా దగ్గర చేయదగిన పనులు నాలుగైదు: చూడు, కొత్తది పెట్టు, మార్చు, తీసెయ్. సర్వర్ నిన్ను గుర్తుపెట్టుకోదు, ప్రతిసారీ నువ్వే నీ సంగతి మొత్తం చెప్పుకోవాలి. (మన తహసీల్ ఆఫీసుల్లో ఈ గుణం ఫీల్డింగ్ కంటే చాలా ముందే ఉంది.) నలుగురు విద్యార్థులు, అద్దె సర్వర్ ఒకటి, పాత ఫోన్లు, ఆగి ఆగి వచ్చే నెట్. మీకు రెస్ట్ చాలు. తేలికైన పేజీలు, తక్కువ డేటా. మైక్రోసర్వీసులు అని ముక్కలు ముక్కలు చేయకండి, నలుగురు మనుషులకు పన్నెండు సర్వీసులు మేపే ఓపిక ఉండదు. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

మిగిలింది ఆ చెల్లె ప్రశ్న.

"చూడు, పెట్టు, మార్చు, తీసెయ్" అన్నాను కదా. మన రాష్ట్రంలో పేదవాళ్ల కోసం కట్టిన సర్వీసులు ఏవైనా తీసుకుని చూడండి, మొదటి రెండూ బాగా నడుస్తాయి. దరఖాస్తు పెట్టుకోవచ్చు, స్టేటస్ చూసుకోవచ్చు. మూడోదే, "మార్చు" అనేదే, ఎక్కడా సరిగా దొరకదు. పొరపాటున మర్చిపోయారని నేను అనుకోను. కట్టేటప్పుడు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో, తన పేరు రికార్డులో తప్పుగా పడితే ఆ ఏడు ఫీజు రాని మనిషి ఒక్కడూ లేడు. తప్పు వాళ్లకు ఎప్పుడో ఒకసారి వచ్చే విషయం. మనకు అది ప్రతి కాగితంలో ఉండేది.

మా చెల్లెళ్లలో సగం మందికి పేరులో ఎక్కడో ఒకచోట "లక్ష్మి" ఉంటుంది. ఇంగ్లిషులో "క్ష" రాయడానికి ఎక్స్ పెట్టేవాళ్లున్నారు, కె-ఎస్-హెచ్ పెట్టేవాళ్లున్నారు. బడిలో సారు ఒక రకంగా రాస్తాడు, ఆధార్ క్యాంపులో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడు ఇంకో రకంగా కొడతాడు. ఇంటిపేరు పదో తరగతి మెమోలో ముందు, ఆధార్‌లో చివర, బ్యాంకులో ఒక్క అక్షరం. తండ్రి ఎల్లయ్య ఒకచోట "ఇ"తో మొదలవుతాడు, ఇంకోచోట "వై"తో. అమ్మానాన్నలకు ఇంగ్లిషు అక్షరాలు తెలియవు కాబట్టి కౌంటర్ దగ్గర స్క్రీన్ తిప్పి చూపించినా "సరే సారు" అంటారు. అసలు స్క్రీన్ తిప్పేదే తక్కువ.

ఇక స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎలా నడుస్తుందో మీ అందరికీ తెలుసు. హాల్‌టికెట్ నంబరు కొడితే పదో తరగతి బోర్డు వివరాలు వస్తాయి. కులం, ఆదాయం సర్టిఫికెట్ల నంబర్లు కొడితే మీసేవ వివరాలు వస్తాయి. ఆధార్ సరిపోవాలి, బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిసి ఉండాలి. నాలుగు శాఖల డేటాబేస్‌లు ఒకదాన్నొకటి అడిగి ఈ పిల్ల ఆ పిల్లేనా అని తేల్చుకుంటాయి. సరిగ్గా దీన్నే వెబ్ సర్వీస్ అంటారు, మీరు క్లాసులో చదివేది ఇదే. కాగితాలు మోసుకుని తిరగడం తగ్గింది, అది నిజం, నేను కాదనను. మా అన్న కాలంలో ఒక్క సంతకం కోసం నల్గొండ దాకా పోయేవాళ్లు. కానీ నాలుగు పాత తప్పులు నాలుగు రిజిస్టర్లలో విడివిడిగా పడుకుని ఉన్నప్పుడు ఎవరినీ ఏమీ చేయలేదు. వాటిని కలిపిన రోజున అవి లేచి నిలబడ్డాయి. ఇప్పుడు ఆ పిల్ల ఏ శాఖకు పోయి అడిగినా "మా దగ్గర కరెక్టే ఉంది, అవతలోళ్ల దగ్గర తప్పుంది" అంటారు. నలుగురూ నిజమే చెబుతున్నారు. పిల్ల బస్సు చార్జీలు మాత్రం అయిపోయాయి.

కంప్యూటర్ పిల్లలు కాబట్టి మీకు ఇంకో సంగతి గుర్తు చేస్తాను. సర్వర్ జవాబు చెప్పేటప్పుడు మూడంకెల సంఖ్య ఇస్తుంది. 400 వరసలోది వస్తే తప్పు అడిగినవాడిది. 500 వరసలోది వస్తే తప్పు సర్వర్‌ది, "నాదే పొరపాటు" అని అది ఒప్పుకున్నట్టు. వెబ్‌ను తయారుచేసినవాళ్లు ఎంత మర్యాదస్తులో చూడండి, యంత్రానికి కూడా తప్పు ఒప్పుకునే మాట నేర్పారు. మన సర్కారీ సర్వీసుల ముఖం మీద ఆ 500 ఎప్పుడైనా కనిపించిందా? "వివరాలు సరిపోలలేదు", "దయచేసి సరైన వివరాలు నమోదు చేయండి". అన్నీ 400లే. తప్పు ఎప్పుడూ కింద నిలబడ్డవాడిదే. ఊర్లో ఈ ఏర్పాటు మనకు తరతరాలుగా తెలుసు.

ధరణి సంగతికి వస్తాను. కొత్త తమ్ముళ్లకు ఇది రాజకీయ పార్టీల తిట్ల పురాణంగా మాత్రమే తెలుసు. దాన్ని ఒక వెబ్ సర్వీస్‌గా చూడండి.

ఒకప్పుడు ఊరి భూమి లెక్క పట్వారీ ఇంట్లో ఉండేది. ఆ ఇంటి అరుగు ఎక్కే హక్కు మన తాతలకు లేదు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది, లెక్కలు ఆఫీసుకు వచ్చాయి. తర్వాత కంప్యూటర్లోకి వచ్చాయి. 2017 సెప్టెంబర్‌లో భూరికార్డుల ప్రక్షాళన అన్నారు. అప్పటిదాకా పహాణీలో పట్టాదారు పేరు పక్కన, భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే అనుభవదారు కాలమ్ ఉండేది. ప్రక్షాళనలో ఆ కాలమ్ పోయింది. డేటాబేస్ చదివిన తమ్ముడికి అది ఒక కాలమ్ తీసేయడం, ఒక్క లైను పని. ఊళ్లో దాని అర్థం వేరు. పట్టా దొర పేరు మీద ఉండి తెల్లకాగితం మీద కొనుక్కున్నవాడు, కౌలుకు చేసుకునేవాడు, ఏళ్ల తరబడి కాస్తులో ఉన్నవాడు, వీళ్లందరికీ ఆ రికార్డులో ఉన్న ఒక్క చోటు పోయింది. 2018 మేలో రైతుబంధు వచ్చినప్పుడు డబ్బు పట్టాదారు ఖాతాకే పోయింది, కౌలురైతుకు పైసా రాలేదు. చట్టం చేసి "మీకు ఇవ్వం" అని చెప్పాల్సిన అవసరం కూడా పెద్దగా పడలేదు. రికార్డులో లేనివాడికి ఎవరిస్తారు?

2020 సెప్టెంబర్‌లో వీఆర్వో వ్యవస్థ రద్దు, కొత్త పాస్‌బుక్కుల చట్టం, రెవెన్యూ కోర్టుల రద్దు. అక్టోబర్ 29న ధరణి. ఒకే పోర్టల్, ఒకే సర్వర్, తహసీల్దారు దగ్గరే రిజిస్ట్రేషన్, అప్పటికప్పుడే మ్యుటేషన్. ఇందులో మంచి లేదని అంటే అబద్ధం. రికార్డు శుభ్రంగా ఉన్నవాడికి ధరణి నిజంగానే సుఖం. పొద్దున పోయి మధ్యాహ్నానికి పాస్‌బుక్కు పని చూసుకుని వచ్చినవాళ్లు నాకు తెలుసు, మ్యుటేషన్ కోసం ఎవరి చేయీ తడపలేదు. ఎవరి రికార్డు శుభ్రంగా ఉంది? తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ చదువుకుని, ముగ్గురి కాలంలోనూ పట్వారీ ఇంటి అరుగు ఎక్కగలిగిన కుటుంబానిది.

మనవాళ్లకు వచ్చింది అసైన్డ్ భూమి, ఇనాం భూమి, సాదాబైనామా భూమి. సర్వే నంబరులో కొంత భాగానికి తగాదా ఉంటే మొత్తం నంబరు నిషేధిత జాబితాలో పడింది. విస్తీర్ణం తగ్గింది, పేరు మారింది, కొందరి భూమి అసలు ఎక్కలేదు. దిద్దించుకుందామంటే కింద ఉన్న అధికారి చేతిలో అధికారం లేదు, అది కలెక్టర్ దగ్గరికి పోయింది. అప్పీలు చేసుకుందామంటే రెవెన్యూ కోర్టు లేదు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. ఎకరం పావు ఉన్న మాదిగ ముసలమ్మ సివిల్ కోర్టులో ఎన్నేళ్లు నిలబడగలదు? తప్పులు కుప్పలు పడ్డాక ఒక్కో రకం తప్పుకు ఒక్కో మాడ్యూల్ పెడుతూ పోయారు. అవి 33 దాకా వచ్చాయి. నీకు జరిగిన అన్యాయం 33 గదుల్లో దేనికి చెందుతుందో నువ్వే తేల్చుకోవాలి. తప్పు గదిలో దరఖాస్తు పెడితే తిరస్కరణ, కట్టిన ఫీజు అంతే, మళ్లీ మొదటి నుంచి. ఏ మాడ్యూల్లో పెట్టాలో చెప్పడానికి ఊరూరా ఒక కొత్త మధ్యవర్తి పుట్టాడు. పట్వారీని తీసేశామనుకుని ఆయనకు లాప్‌టాప్ కొనిచ్చినట్టయింది.

ఇక్కడ నా సాఫ్ట్‌వేర్ స్నేహితులతో నాకు గొడవ. "సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, డేటా తప్పు, చట్టం తప్పు" అంటారు వాళ్లు. డేటా తప్పని తెలిసి, దిద్దే దారి లేకుండా దాని మీద సర్వీస్ కట్టడం కూడా ఒక డిజైన్ నిర్ణయమే. చట్టంలో అప్పీలు తీసేయడం, సర్వర్‌లో "మార్చు" తీసేయడం రెండూ ఒకే చేతి పని. ఒకటి అసెంబ్లీలో జరిగింది, ఇంకొకటి ఏసీ గదిలో జరిగింది.

ఇప్పుడు భూభారతి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి రోజున మొదలుపెట్టారు. ముందు ప్రయోగానికి తీసుకున్న మండలాల్లో రెండు మనకు చుట్టుపక్కలవే. ఒకటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. రెండోది నల్గొండ జిల్లా తిరుమలగిరి సాగర్. (మన సూర్యాపేట జిల్లా తిరుమలగిరి వేరు, రేషన్ కార్డుల సభ జరిగింది ఇక్కడ. ఇద్దరు మిత్రులు పోయినసారి కలిపేశారు. పేర్లు కలిస్తే మనుషులకే ఇంత తికమక, యంత్రాన్ని ఏమనాలి.) మాడ్యూళ్లను 33 నుంచి 6కు తగ్గించామన్నారు. కింది స్థాయి అధికారులకు దిద్దే అధికారం ఇచ్చారు, అప్పీలు తిరిగి పెట్టారు, ఊళ్లలో సదస్సులు పెట్టి కాగితం మీద దరఖాస్తులు తీసుకున్నారు. ఈ ఆఖరి పని నాకు నచ్చింది. మనిషి కూర్చుని, మనిషి చెప్పింది విని, కాగితం మీద రాసుకుని, రసీదు ఇవ్వడం కూడా వెబ్ సర్వీస్‌లో భాగమే అని ఒప్పుకున్నట్టు. తీసుకున్న దరఖాస్తుల్లో మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవి ఎన్ని, పరిష్కారమైనవి ఎన్ని అనే లెక్క మనం మండలం మండలం అడగాలి. సాదాబైనామాల మీద చేసే పనిని బట్టే నేను దీనికి మార్కులు వేస్తాను, జయంతి రోజు మొదలుపెట్టారని కాదు.

రేషన్ కార్డుల సంగతి క్లుప్తంగా. తెలంగాణ వచ్చాక కొన్నేళ్లలో సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేరువేరు శాఖల డేటాబేస్‌లను కలిపి, పేరూ చిరునామా పోలికను బట్టి ఫలానావాడికి కారు ఉంది, ఫలానావాడికి ఆస్తి ఉంది అని తేల్చేది. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి పేరు ఒక కారు ఓనరు పేరుతో కలిసింది, ఆ ఇంటి బియ్యం పోయింది. ముందు నోటీసు లేదు. 2022లో సుప్రీంకోర్టు ఇంటింటికీ పోయి మళ్లీ చూడమని ఆదేశించాల్సి వచ్చింది. గమనించండి, ఇక్కడ ఏ అధికారీ "నేను రద్దు చేశాను" అనలేదు. సిస్టమ్ చేసింది.

"మరి మంచిగా కట్టినోళ్లు ఎవరూ లేరా అన్నా?" అని అడిగాడు సోప్ తమ్ముడు. ఉన్నారు. ఎస్టోనియా అని మన ఉమ్మడి నల్గొండ జిల్లా జనాభాలో సగం కూడా లేని దేశం. అక్కడ శాఖల మధ్య డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి 2001లో ఎక్స్-రోడ్ అనే ఏర్పాటు మొదలైంది. డేటా అంతా ఒకచోట కుప్ప పోయలేదు, ఎవరిది వాళ్ల దగ్గరే ఉంది, అడిగినప్పుడు మాత్రమే దారి మీద పోతుంది. ప్రతి ప్రయాణానికీ సంతకం, తేదీ పడతాయి. పౌరుడు లాగిన్ అయితే ఏ శాఖ తన వివరాలు ఎప్పుడు చూసిందో చూసుకోగలడు. తమ్ముడూ, నీకు సంతోషం కలిగించే ముచ్చట, ఆ ఎక్స్-రోడ్ చాలా ఏళ్లు నడిచింది నీ సోప్‌తోనే. 2019లో రెస్ట్‌ను కూడా చేర్చారు. పౌరుడి హక్కు ఆ మార్పుకు ముందూ ఉంది, తర్వాతా ఉంది.

వాట్సాప్ చెల్లెకూ ఒక మాట. పాలేరు వంతెన దాటితే ఆంధ్ర. అక్కడ 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టారు. నువ్వు చెప్పింది సగం నిజం. మనవాళ్లు ఉన్నచోటికి సర్వీస్ పోవాలి, కొత్త యాప్ దింపుకోమనకూడదు, వాయిస్ మెసేజీలో మాట్లాడగలిగితే ఇంకా మంచిది. కానీ 2024 సెప్టెంబర్ మొదట్లో వచ్చిన వరద గుర్తుందా? పాలేరు పొంగి హైవే తెగితే విజయవాడ పోవాల్సిన లారీలు మన దగ్గరే నిలబడ్డాయి. వాట్సాప్ ఒక అమెరికా కంపెనీ రోడ్డు. వాళ్లు నియమం మార్చినా, నంబరు ఆపినా మనం చూస్తూ కూర్చోవాలి. దాన్ని వాకిలిగా పెట్టుకో, ఇల్లంతా అందులో కట్టకు. ఇంకొకటి, ఫోను ఎవరిది? హాస్టల్ పిల్ల ఊరికి పోతే ఫోను అన్న చేతిలోనో బావ చేతిలోనో ఉంటుంది. ఆ పిల్ల అర్జీ సంగతి ఆమె కంటే ముందు ఇంకెవరికో తెలుస్తుంది.

ఇక్కడి నుంచి నేను కోపంగా మాట్లాడానని పిల్లలు తర్వాత చెప్పుకున్నారట. కారణం ఉంది.

రెస్ట్ తమ్ముడు చాలా శ్రద్ధగా రాసుకున్నాడు. ప్రతి విద్యార్థికీ ఒక చిరునామా, చివర వరస నంబరు. 101 కొడితే 101వ పిల్లవాడి పేరు, కాలేజీ, కులం, ఆదాయం, దరఖాస్తు స్థితి. లాగిన్ ఎందుకన్నా, మనోళ్లకు పాస్‌వర్డ్‌లు గుర్తుండవు కదా అన్నాడు. 102 కొడితే? ఇంకో పిల్లది వస్తుంది. 103, 104 అలా కొట్టుకుంటూ పోతే ఒక్క రాత్రిలో మా హాస్టళ్ల పిల్లలందరి కులం, ఆదాయం ఎవడి చేతిలోనైనా ఉంటుంది.

నేను ఇంటర్ చదివిన కాలేజీలో నోటీసు బోర్డు ఉండేది. మొదటి నెల రోజులూ నేను ఎవరో ఎవరికీ తెలియదు. పక్క బెంచీ పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి నా పెట్టెలో వేసేవాడు. ఒక సోమవారం పొద్దున స్కాలర్‌షిప్ లిస్టు అతికించారు. పేరు, తండ్రి పేరు, పక్కన కులం, ఉపకులంతో సహా. మధ్యాహ్నం అన్నం దగ్గర ఆ పిల్లవాడు వేరే బల్ల మీద కూర్చున్నాడు. ఏమీ అనలేదు. తిట్టలేదు. నేనూ అడగలేదు. లిస్టు అతికించిన గుమస్తాకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, పిల్లలకు తెలియాలి కదా అనే అతికించాడు. తమ్ముడూ, నువ్వు రాసిన ఆ చిరునామా అదే నోటీసు బోర్డు. ఇది ఊరంతటికీ కనిపిస్తుంది, ఎప్పటికీ చిరగదు.

మనవాళ్లు కట్టే సర్వీస్‌లో మనవాళ్ల కులం బయటపడితే, సర్కారు ధరణిని తిట్టే అర్హత నాకు ఎక్కడ మిగులుతుంది? అందుకే గొంతు పెరిగింది.

అన్నీ తెరిచి పెట్టడమే మంచిదని నమ్మే మిత్రులు మనలో ఉన్నారు, ఉపాధి హామీ మస్టర్లు అందరికీ కనబడటం వల్లే సామాజిక తనిఖీలో దొంగలెక్కలు పట్టుకోగలిగామని అంటారు. నిజమే, ఉమ్మడి రాష్ట్రంలో ఆ పని మనం గర్వపడేలా జరిగింది. కానీ అక్కడ తెరిచింది ఖర్చు లెక్క, ఎవరి పేరు మీద ఎన్ని రోజుల కూలి రాశారనేది. కింద నుంచి పైకి చూడటానికి తెరిచిన కిటికీ అది. పైనున్నవాడు కింది పిల్ల కులం చూడటానికి తెరిచేది వేరే కిటికీ. 2023 వ్యక్తిగత డేటా చట్టాన్ని చూపించి మొదటి కిటికీనే మూసేస్తారేమో అని సమాచార హక్కు కార్యకర్తలు భయపడుతున్నారు, ఆ భయం నాకూ ఉంది. అదే చట్టంలో తన వివరాలు దిద్దించుకునే హక్కు కూడా రాసి ఉంది. దాన్ని మనం వాడుకోవాలి.

మహద్ గురించి మీలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. బహిరంగ చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది 1923లో. బాబాసాహెబ్ వేలమందితో పోయి చవదార్ చెరువులో నీళ్లు ముట్టుకున్నది 1927 మార్చి 20న. ఆ మధ్య నాలుగేళ్లూ చెరువు కాగితం మీద తెరిచే ఉంది. సైటు నడుస్తోంది, అందరికీ అందుబాటులో ఉంది అని ఎవరైనా మీతో అన్నప్పుడు నాకు ఆ నాలుగేళ్లు గుర్తొస్తాయి.

సరే, పిల్లలు ఏం చేశారో చెబుతాను. మిర్యాలగూడ అమ్మాయి టీ కొట్టులోనే లాప్‌టాప్ తీసుకుని పట్టికలు మార్చడం మొదలుపెట్టింది. విద్యార్థి పట్టికలో కులం కాలమ్ తీసేసింది. మన సర్వీస్‌కు వచ్చేది మనవాళ్లే అయినప్పుడు అది మళ్లీ రాసుకోవడం దేనికి అంది. ఎంత చక్కటి మాట, నాకు తట్టలేదు. వరస నంబర్ల స్థానంలో ఊహించలేని పొడవాటి గుర్తులు పెట్టింది, దాని మీద ఫోన్‌కు వచ్చే ఓటీపీ. ఓటీపీ సంగతి ఇంకా తేలలేదు, ఫోను ఎవరిది అన్న గొడవ ఉండనే ఉంది. దిద్దుబాట్లకు వేరే పట్టిక పెట్టింది: పాత మాట ఏమిటి, కొత్త మాట ఏమిటి, ఎవరు మార్చమన్నారు, ఏ కాగితం చూపించారు, ఎవరు మార్చారు, ఏ తేదీన. పాతది చెరిపేయదు, కింద ఉంచుతుంది. దిద్దుబాటు అడిగిన ప్రతి ఒక్కరికీ ఒక రసీదు నంబరు, ఏడు రోజుల్లో ఎవరూ పట్టించుకోకపోతే అది నలుగురి ఫోన్లకూ ఎర్రగా వచ్చేలా.

రెస్ట్ తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు గానీ, ఏం తప్పు జరిగిందో తెలుగులో చెప్పే సందేశాలు తాను రాస్తానన్నాడు. "మీ వివరాలు తప్పు" అనే మాట ఎక్కడా రాకూడదని నేను ఒక్కటే షరతు పెట్టాను. "పదో తరగతి మెమోలో ఇలా ఉంది, ఆధార్‌లో ఇలా ఉంది, ఈ రెంటిలో ఏది దిద్దడం తేలికో ఇది" అని రాయాలి. తప్పు ఎక్కడుందో చెప్పాలి గానీ ఎవరిదో ఆ పిల్ల మీద రుద్దకూడదు. సర్వర్ పడిపోతే పడిపోయిందని రాయాలి. "ఇది మా పొరపాటు, మళ్లీ రేపు చూడండి" అని.

ఒక్క విషయంలో నేను ఓడిపోయాను. దిద్దే అధికారం హాస్టల్ సీనియర్లకు ఇద్దామన్నాను. హాస్టల్ అమ్మాయి ఒప్పుకోలేదు. "సీనియర్లు అంటే అబ్బాయిలే అన్నా. వాళ్ల చేతిల మా ఫోన్ నంబర్లు పెడతవా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అమ్మాయిల హాస్టల్‌కు అమ్మాయిలే, ఇద్దరు కలిసి ఒప్పుకుంటేనే మార్పు అనేదాకా వచ్చి ఆగాం. ఆ రెండో మనిషి ఎవరు, పరీక్షల నెలలో ఎవరు చూస్తారు అనేది తేలాలి.

కోడ్ రాయడం రెండు వారాలు ఆపమన్నాను. ఈ ఆదివారం పొద్దున పదింటికి కోదాడ హాస్టల్లో కూర్చుంటున్నాం. ఒక్కొక్కరి మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి, పేరు ఎన్ని రకాలుగా ఉందో నోటుబుక్కులో రాస్తాం. నేలకొండపల్లి, హుజూర్‌నగర్ వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు రాగలిగితే రండి. లాప్‌టాప్ అక్కర్లేదు. మీ కాగితాలు తెచ్చుకోండి, ఒరిజినల్స్ వద్దు, జిరాక్సులు చాలు.